దీపం పెట్టని గంట

నాలుగైంది. రాదిమ్ ఐదింటికి వస్తాడు. ఈ గంటలో అతనికి వద్దని చెప్పడానికి ఒక కారణం వెతకాలి. కారణం లేకుండానూ చెప్పవచ్చు. ఇల్లు నాది, మార్చిలో పోయిన మనిషి నా భార్య, కాయితం అడుగున గీత పక్కన అచ్చయిన పేరు నాది. కాని నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు రైల్వే సిగ్నల్ కాబిన్‌లో కూర్చున్నవాణ్ణి. బండిని ఆపితే ఎందుకు ఆపానో పుస్తకంలో రాయాలి. ఊరికే ఆపాననడానికి లేదు. కాయితంలో నాలుగే వాక్యాలున్నాయి. ‘ఆరో మెట్టు’ అనే కంప్యూటర్ ఆటలో ద్రహోమీర గొంతు ఉంచడానికి ఆమె భర్త అలోయిస్ ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకోకపోతే గొంతు తీసేస్తారు. ఆట మాత్రం డిసెంబరులో లోకం మీదికి వెళుతుంది. రాదిమ్ పోయిన శుక్రవారం దీన్ని వంటింటి బల్ల మీద పెట్టి, టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. “ముందు ఒకసారి ఆడి చూడండి అలోయిస్ గారూ, తర్వాతే చెప్పండి” అన్నాడు. “ఆడుకోడానికి నేనేమన్నా పిల్లాణ్ణా?” అన్నాను. “ఆవిడా పిల్ల కాదుగా, ఆడలేదా” అన్నాడు. ఆ మాటకే అతన్ని బయటికి గెంటాల్సింది. గెంటలేదు. వారం రోజులుగా ఆ మాట గొంతులో చేప ముల్లులా ఉంది.

ఇప్పుడు కాయితం పక్కన పెట్టుకుని ఆమె కుర్చీలో కూర్చున్నాను. మేడ మీది చిన్న గది. ఒకప్పుడు ఇక్కడ ఆపిల్ పళ్ళు దాచేవాళ్ళం, ఇప్పటికీ ఆ వాసన పోలేదు. కుర్చీలో మెత్త ఆమె ఒంటికి తగ్గట్టు గుంట పడింది. నాకు సరిపోదు, ఎటు కదిలినా పక్కకి జారుతున్నాను. మెట్లెక్కి వచ్చినప్పుడు ఆరో మెట్టు మూలిగింది. కింద నుంచి ఆరోది. పెళ్ళయిన కొత్తలోనే బాగు చేస్తానన్నాను, చేయలేదు. ద్రాహా, ద్రహోమీరని నేను పిలిచే పేరు, ఎప్పుడూ దాని మీద కాలు వేసేది కాదు. లంగా కాస్త ఎత్తి పట్టుకుని, ఐదు మీంచి ఏడు మీదికి వెళ్ళేది, తుంటి విరిగాక కూడా. నేను ఎప్పుడూ వేసేవాణ్ణి. నేను వచ్చానని ఆమెకి అలాగే తెలిసేది. ఆ మెట్టు సంగతి ఈ భూమి మీద ఇద్దరికే తెలుసు అనుకున్నాను. ఇప్పుడు అది ఒక ఆటకి పేరు. తెర మీద, సన్నని తెల్లటి అక్షరాల్లో, మా ఇంటి మెట్టు. మౌస్ పట్టుకున్నాను. ఆమె వేలు ఆనిన చోట ప్లాస్టిక్ నున్నగా అరిగి ఉంది. పెళ్ళి ఉంగరం తగిలిన చోట చిన్న గీత కూడా ఉంది. యాభై ఏళ్ళు ఆమె చెయ్యి నా చేతిలో ఉన్నా ఆ ఉంగరం నాకు గీత పెట్టలేదు.

తుంటి విరిగిన చలికాలం ఆమె ఈ గది దాటలేదు. లైబ్రరీలో పనిచేసే జ్దెంకా పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి పెట్టి, “ద్రాహా అత్తా, ఇది చూడు, ఖాళీ ఇల్లు. లోపలికి వెళ్ళి వెతుక్కోవడమే” అంది. ఏం వెతకాలి అని ద్రాహా అడిగింది. “అదే ముందు తెలియదు” అంది జ్దెంకా. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఆమె సొరుగులు తెరుస్తూ కూర్చుంది. కాల్చడం లేదు, పరుగులు లేవు, ఎవరూ ఎవర్నీ నరకరు. గోడ గడియారం కొట్టుకుంటుంది, ఎక్కడో చుక్క చుక్కగా నీరు పడుతుంది, బాణం గుర్తుతో ఒక వస్తువు మీద నొక్కితే అది కదులుతుంది, లేదా కదలదు. అంతే. అందులో భయం ఏముందని ఒకసారి తలుపు దగ్గర నిలబడి అడిగాను. “కదలకూడనిది కదులుతుందేమోనని” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. భయం వేస్తే మానేయరాదా అన్నాను. “ఇందులో భయం నేను నొక్కేదాకా కూర్చుని ఉంటుంది, నాకోసం ఆగుతుంది” అంది. నేను కిందికి వెళ్ళిపోయాను. ఆమె కోసం ఆగనివాణ్ణి నేనేనని అన్నట్టు వినిపించింది.

తర్వాత వీడొచ్చాడు. రాదిమ్. బ్ర్నో పట్నం నుంచి. మా కింది వాలులో పాడుబడ్డ ఇల్లు కొని, శని ఆదివారాలకని చెప్పి, నెలల తరబడి ఉండిపోయాడు. నలభై ఆరేళ్ళ మనిషి, గడ్డం సగం నెరిసింది, పెళ్ళాం ఉండి వెళ్ళిపోయింది. బొమ్మలాటలకి తెరలు వేసేవాడట, ఇప్పుడు ఇలాంటి ఆటలకి బొమ్మలు వేస్తాడు. గుడ్లు కొనడానికి వచ్చి, మేడ మీంచి గడియారం చప్పుడు విని, “ఆ ఆట ఎవరు ఆడుతున్నారండీ?” అన్నాడు. అంతే, మెట్లెక్కాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం నాలుగింటికి. తను చేసిన గదులు తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. ఎక్కడ ఇరుక్కుంటుందో చూడాలని. ఆమె ఇరుక్కునేది కాదు. తప్పులు పట్టేది. “వానాకాలం సొరుగు ఇంత సులువుగా రాదు బాబూ, తేమకి బిగుసుకుంటుంది, మోకాలితో పొడవాలి” అనేది. అతను రాసుకునేవాడు. శుక్రవారం నాలుగింటికి నాకు బీరు కొట్టులో పేకాట. నలభై ఏళ్ళ అలవాటు. అంటే ఆ గంటని అతనికి నేనే ఖాళీ చేసి ఇచ్చాను. క్వేతోష్ ఒకసారి ముక్కలు పంచుతూ, “ఏరా అలోయిస్, ఇక్కడ నువ్వు రాణిని దాచుకుంటున్నావు, అక్కడ మీ ఆవిడ ఆ బ్ర్నో వాడికి ఇల్లంతా తెరిచి చూపిస్తోందట” అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. “డెబ్బై రెండేళ్ళ ముసల్ది, తుంటికి మేకు” అన్నాను. “మేకు తుంటికేగా” అన్నాడు క్వేతోష్. ఇంకా నవ్వారు. నేను ఆ ఆట ఓడిపోయాను. చేతిలో మంచి ముక్కలుండి ఓడిపోయాను. లేచి ఇంటికి వచ్చేసి ఉండాల్సింది. రాలేదు. వస్తే వాళ్ళు నవ్వింది నిజమని ఒప్పుకున్నట్టు.

పేకాట అయ్యి ఇంటికి వచ్చిన ప్రతిసారీ చూసేది ఒకటే. గది చీకటి. వాళ్ళిద్దరూ చీకట్లో, తెర వెలుతురు మొహాల మీద. మాట్లాడుకుంటున్న మాట నేను మెట్టు మీద కాలు వేయగానే ఆగిపోయేది. నేను గోడ మీది మీట నొక్కేవాణ్ణి. ఇద్దరూ కళ్ళు చికిలించి నావైపు చూసేవాళ్ళు, దొంగని చూసినట్టు. నా ఇంట్లో.

మా మొరావియా కొండల్లో దాన్ని నల్ల గంట అంటారు. పొద్దు గుంకాక, దీపం పెట్టకముందు, ఇంట్లో వాళ్ళంతా పొయ్యి దగ్గర చేరి ఒకరి మొహం ఒకరికి కనపడకుండా మాట్లాడుకునే గంట. కిరసనాయిలు మిగుల్చుకోవడానికి మొదలుపెట్టారు. కరెంటు వచ్చాక కూడా కొన్ని ఇళ్ళలో మానలేదు, ద్రాహా వాళ్ళ ఇంట్లో మానలేదు. మా ఇంట్లో అది లేదు. మా నాన్న చీకటి పడితే పడుకునేవాడు, పడుకోకపోతే కొట్టేవాడు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రం ఆమె బల్ల దగ్గర చీకట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను డ్యూటీ నుంచి వచ్చాను. ఆరో మెట్టు దాకా ఎక్కి, ఎవరూ లేరనుకుని దిగి, దీపం వేసి చూస్తే అక్కడే ఉంది. “ఎవరన్నా పోయారా ఇంట్లో?” అన్నాను. ఆమె లేచి బంగాళదుంపలకి తొక్క తీసింది. నా ఉద్యోగంలో దీపం ఆరిందంటే ఎవరో చస్తారు. ఎర్రది ఆరితే ఒక బండి ఆగకుండా వచ్చేస్తుంది, పచ్చది ఆరితే ఒక బండి ఆగిపోతుంది, మంచులో వెనక ఇంకొకటి వస్తూ ఉంటుంది. చీకటి అంటే నాకు తప్పు. ఎవరో పని చేయలేదు అని అర్థం. ఆ సంగతి ఆమెకి ఎన్నోసార్లు చెప్పాను. ఆమె తలూపేది. మర్నాడు మళ్ళీ చీకట్లో కూర్చునేది. నేను మళ్ళీ వేసేవాణ్ణి. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, కొత్త సంవత్సరం రోజున, ఒక్క పూటలో ఉష్ణోగ్రత ముప్ఫై డిగ్రీలు పడిపోయి కరెంటు పోయినప్పుడు, రెండు గంటలు ఇల్లంతా నల్లగా ఉండిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోయిందంది. ఇంట్లో ఆడదానికి అగ్గిపెట్టె పొడిగా ఉంచుకోవడం కూడా చేతకాదా అని తిట్టాను. అది గుర్తుంది. మర్నాడు స్టేషన్ నుంచి తీసి పారేసిన పెద్ద బ్యాటరీ ఒకటి భుజాన మోసుకొచ్చి వంటింటి మూల పెట్టాను, బల్ల మీదికి ఒక బల్బు వేలాడదీశాను. లైన్లో కరెంటు పోయిన క్షణమే అది తనంతట తను వెలుగుతుంది. ఊళ్ళో అందరూ చూడటానికి వచ్చారు. ఆ తర్వాత ఈ ఇంట్లో ఒక్క నిమిషం చీకటి లేదు. అది నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. ఇప్పటికీ పనిచేస్తుంది, బ్యాటరీలు ఐదుసార్లు మార్చాను.

నొక్కాను. తెర మీద తలుపు తెరుచుకుంది. మా వాకిలి కాదు, అయినా మా వాకిలే. పెన్సిల్‌తో గీసి టీ నీళ్ళు పూసినట్టు గోధుమ రంగు. గాలి చప్పుడు. నడవా చివర గడియారం, దాని పక్కన పెళ్ళికూతురి ఫోటో. ఆవిడ మొహం ద్రాహాది కాదు. అది చూసుకున్నాను, ముందు అదే చూసుకున్నాను. చెక్క ట్రేలలో ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు వరసలుగా ఉన్నాయి. బాణం వాటి మీదికి తీసుకెళితే ముడతలు కదిలి మొహాలవుతున్నాయి, చిన్న ముసలి మొహాలు, కళ్ళు మూసుకుని. తీసేస్తే మళ్ళీ పళ్ళు. నా మెడ వెనక చల్లగా తగిలింది. వెనక్కి చూశాను. ఆమె శాలువా మేకుకి వేలాడుతోంది, అంతే. బీరువా తాళం వేసి ఉంది, తాళంచెవి కావాలి. మా ఇంట్లో అది గడియారం వెనక ఉంటుంది. గడియారం నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. నా ఇంట్లో నా తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలియదా? పన్నెండుసార్లు నొక్కాను. వెనక్కి వచ్చేసరికి ఫోటోలో పెళ్ళికూతురు గోడ వైపు తిరిగి ఉంది. నేను ఏం చేశానని తిరిగింది?

సొరుగులు. ఒక్కొక్కటే. సొరుగు తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడు ఉందే, చెక్క మీద చెక్క రాసుకుని చివర ‘టక్’ మని ఆగేది, అది నిజంది. మా వంటింటి సొరుగుదే. రికార్డు చేసుకున్నాడు. నేను ఇంట్లో లేనప్పుడు ఎప్పుడో. లోపల ఒక సొరుగులో దారపు ఉండ, ఒకదాంట్లో చచ్చిన సీతాకోక, ఒకదాంట్లో ముక్క విరిగిన దువ్వెన. ప్రతిదీ ఎందుకో ఒకందుకు పనికొస్తుంది, ఎందుకో ఇప్పుడు చెప్పదు. మార్చిలో, పాతిపెట్టి వచ్చిన మూడో రోజు, ఆమె సొరుగులన్నీ ఇలాగే తెరిచాను. ఒక్కొక్కటే, బోర్లించి, అడుగు చెక్క తట్టి చూశాను. ఉత్తరం కోసం. ఫోటో కోసం. ఏదైనా. బొత్తాలు, మందుల చీటీలు, ఎండిన లావెండరు, రబ్బరు బాండ్లు. అంతే. యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఆరు సొరుగుల బొత్తాలు. ఇక్కడ వీడి సొరుగులో ఆమె ఎక్కువ ఉంది. అది నాకు నచ్చలేదు, కాని చేతిని ఆపలేకపోయాను. ఇంకొకటి, ఇంకొకటి. బయట వెలుతురు తగ్గుతోందని తెలుస్తూనే ఉంది. ఇదీ వీళ్ళ కిటుకు. తెరిచినది సరిపోదు, తెరవనిది ఒకటి మిగులుతుంది. మనిషి దగ్గర కూడా అంతేనేమో, అయితే నేను తెరవడం ఎప్పుడో మానేశాను.

చనిపోయినవాళ్ళ పండగ రెండు వారాల కిందట. చామంతి కుండీ, ఎర్ర గాజు దీపం పట్టుకుని పొద్దున్నే వెళ్ళాను, నాకంటే ముందు ఎవరూ రాకూడదని. సమాధి మీద అప్పటికే ఒక దీపం వెలుగుతోంది. సగం మైనం కరిగిపోయింది. అంటే రాదిమ్ ముందు రోజు సాయంత్రమే పెట్టాడు. ఆ దీపాన్ని ఏం చేశానో ఎవరికీ చెప్పలేదు. మూత పెట్టేశాను. గాలి అందక ఆరిపోయింది. పొగ కాసేపు గాజులో తిరిగింది.

తాళంచెవి అక్రోటు కాయలో దొరికింది. కిటికీ గట్టు మీద గిన్నెలో అక్రోట్లు ఉన్నాయి, ఒకటి మిగతావాటికంటే కాస్త ఆలస్యంగా కదిలింది, నొక్కితే రెండుగా విడిపోయింది, లోపల గింజకి బదులు ఇత్తడి. నేను “ఆ!” అన్నాను, పైకే అన్నాను. ఖాళీ ఇంట్లో. డెబ్బై ఆరేళ్ళ వాణ్ణి, కుర్చీలో ముందుకి వంగి, గెలిచిన పేకముక్క బల్ల మీద కొట్టినట్టు మౌస్‌ని కొట్టాను. తర్వాత సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. మా కిటికీ గట్టు మీద ఏడాది పొడుగునా అక్రోట్ల గిన్నె ఉండేది. క్రిస్మస్‌కి కొట్టడానికి అంటారు అందరూ, ఆమె జూలైలో కూడా ఉంచేది. ఎందుకని అడగలేదు. పోయాక చూస్తే మగ్గిపోయాయి, పొయ్యిలో వేశాను. వీడు అడిగి ఉంటాడు. అడిగితే చెప్పి ఉంటుంది.

బీరువా తెరుస్తూండగా చప్పుడైంది. మెట్ల మీద. ఒకటి. రెండు. గడియారం ఆగింది. మూడు. నాలుగు. ప్లమ్ పళ్ళ మొహాలన్నీ ఒక్కసారి కళ్ళు తెరిచాయి. ఐదు. ఆరోది మూలిగింది. మా మెట్టే. తలుపు కింద పసుపు వెలుతురు పడి, నేల మీద పాకుతూ వచ్చింది. దాక్కోవాలని అర్థమైంది, బీరువాలో దూరాను. పగులులోంచి చూస్తే లోపలికి వచ్చినవాడు పొడుగ్గా, తలుపు కంటే పొడుగ్గా ఉన్నాడు. మొహం లేదు. రైల్వే టోపీ. చేతిలో మూడు అద్దాల లాంతరు, తెలుపు ఎరుపు ఆకుపచ్చ, ఎడమ పక్క సొట్ట. ఆ సొట్ట నేను పట్టాల మీద జారవిడిచినప్పుడు పడింది. ఆ లాంతరు ఇప్పుడు కింద వాకిట్లో మేకుకి ఉంది. వాడు గది నడిమికి వచ్చి లాంతరు ఎత్తాడు. వెలుతురు తగిలిన వస్తువు తగిలిన వెంటనే చచ్చిపోయింది. మొహాలు పళ్ళయ్యాయి. పెళ్ళికూతురి ఫోటోలో మనిషే లేదు. కుర్చీ కుర్చీ అయింది. వాడు ఎవర్నీ ఏమీ చేయలేదు. చూసుకున్నాడు, అంతా సరిగా ఉందని వెళ్ళిపోయాడు. ఇందుకా గొంతు కావాలి వీడికి? ఒక ముసలిదాని గొంతుతో ఆమె మొగుణ్ణి దయ్యం చేసి డిసెంబరులో లోకానికి అమ్ముకోవడానికా? కారణం దొరికింది. నాలుగు నలభై. ఇక లేచి కిందికి పోవచ్చు. పుస్తకంలో రాయడానికి ఇది చాలు.

లేవలేదు. ఆమె చేత ఏం చెప్పించాడో వినాలి కదా.

చివరి గది వేరేగా ఉంది. ఇప్పుడు నేను దాక్కునేవాణ్ణి కాదు. మెట్లెక్కేది నేనే. ఒకటి నుంచి ఆరు దాకా నా అడుగులే. చేతిలో లాంతరు ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు. తలుపు తీస్తే వంటిల్లు, కిటికీలో నీలం వెలుతురు కొద్దిగా, బల్ల దగ్గర ఒక ఆడమనిషి వీపు ఇటు పెట్టి కూర్చుంది. జుట్టు ముడి. ముందు గిన్నె. లాంతరు నొక్కాను. గది వెలిగింది. కుర్చీ ఖాళీ. తలుపు మూసుకుపోయి మళ్ళీ మెట్ల కింద ఉన్నాను. ఎక్కాను. లాంతరు నొక్కాను. ఖాళీ. ముందు కుర్చీ దగ్గరికి పోయి తర్వాత నొక్కాను, ఖాళీ. ఎర్ర అద్దం తిప్పి నొక్కాను, ఖాళీ. వెలుతురులో సొరుగులన్నీ తెరుచుకుంటున్నాయి, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. పదిసార్లు. పద్నాలుగు. ఎవరితో వెళ్ళింది? నేను వచ్చేసరికి ప్రతిసారీ ఎక్కడికి పోతుంది? వాడికి కనపడి ఉంటుంది. వాడు గీశాడు, వాడికి మొహం తెలుసు. నాకు ముడి చూపిస్తున్నాడు. బొటనవేలి కింద నరం పట్టేసింది, చలికాలం పట్టేస్తుంది. మౌస్ వదిలేసి చెయ్యి పిసుక్కుంటూ ఉండిపోయాను. తెర మీద ఆమె వీపు, నీలం వెలుతురు, గడియారం. నేను ఏమీ నొక్కలేదు. వెలుతురు ఇంకాస్త తగ్గింది, అక్కడా, ఇక్కడా. నా గదిలో నా చెయ్యి నాకే కనపడటం లేదు. చాలు, ఇక ముందు బల్బు వేయాలి అనుకుని లేచి, తలుపు పక్క గోడ తడుముకుని, మీట మీద వేలు పెట్టాను.

వెనక కుర్చీ కిర్రుమంది. తెరలో కుర్చీ.

“వచ్చావా” అంది ద్రాహా. “కాళ్ళు తుడుచుకున్నావా? కూర్చో. వద్దు, దీపం వద్దు. కనపడినంత చాల్లే.”

నేను కదల్లేదు. వేలు మీట మీదే ఉంది. ఎనిమిది నెలలైంది ఆ గొంతు వినక. ఆ బొంగురు, చివర పదం మింగేయడం. అక్రోటు పగిలిన చప్పుడు.

“ఆ కొత్త సంవత్సరం కరెంటు పోయింది, గుర్తుందా? తిట్టుకుంటూ వచ్చావు. అగ్గిపెట్టె తడిసిపోయిందన్నాను. తడవలేదు. జేబులో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఎక్కడికీ పోలేక కూర్చున్నావు. రెండు గంటలు. చీకట్లో అక్రోట్లు కొట్టి నా చేతిలో పెట్టావు, తొక్కలు కూడా పెట్టావు. మీ అమ్మ గురించి చెప్పావు. ఏం చెప్పావో ఇక్కడ చెప్పన్లే. నీ గొంతు అలా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు. తర్వాత కరెంటు వచ్చింది. లేచావు, మొహం కడుక్కున్నావు. మర్నాడు ఆ బ్యాటరీ మోసుకొచ్చావు.” ఇంకో అక్రోటు పగిలింది. “ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కరెంటు పోతుందేమోనని చూశాను. పోయేది. నీ బ్యాటరీ వెలిగేది.” నవ్వింది. దగ్గు వచ్చింది, దగ్గు కూడా ఉంచాడు. “సరే. ఇప్పుడు పెట్టుకో దీపం.”

రెండు గంటలు. తిట్టింది గుర్తుంది, అగ్గిపెట్టె గుర్తుంది, బ్యాటరీ బరువు భుజానికి గుర్తుంది. మధ్యలో రెండు గంటలు ఎలా పోయాయి నాలోంచి? ఇప్పుడు ఒక్కసారి వచ్చాయి. చలికి బిగుసుకున్న పెంకు, వేళ్ళకి రాసుకున్న నూనె, ఆమె అరచెయ్యి ఎక్కడుందో చీకట్లో వెతుక్కోవడం, నేను మాట్లాడటం. నాకు తొమ్మిదేళ్ళ వయసప్పటి సంగతి, ఎవరికీ చెప్పనిది, ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పనిది. ఆమెకి చెప్పానని కూడా మర్చిపోయాను. మర్చిపోలేదు, దీపం వేసుకున్నాను. అది ఇక్కడ కూడా రాయను. కాని నన్ను కోసింది అది కాదు. లోకంలో ఎవడు లాంతరు వెలిగించకుండా ఒక నిమిషం ఊరుకున్నా వాడితో ఆమె వచ్చావా అంటుంది. ఎవడో, ఎక్కడో, కాళ్ళు తుడుచుకోనివాడితో. నేను యాభై ఏళ్ళు ఆ ఒక్క నిమిషం ఊరుకోలేదు.

“లైటు వెయ్యమంటారా?”

రాదిమ్ తలుపు దగ్గర ఉన్నాడు. వచ్చినట్టు తెలియలేదు. ఏ చప్పుడూ లేదు. నా చెయ్యి ఇంకా మీట మీదే ఉంది, అతని మొహం నా మొహానికి మూరెడు దూరంలో, కనపడలేదు.

“వేస్తే చెయ్యి విరుగుతుంది” అన్నాను. “ఎంతసేపైంది వచ్చి?”

“ఆవిడ దగ్గినప్పుడు వచ్చాను.”

“ఇది నువ్వు ఎన్నిసార్లు విన్నావు?”

“చాలాసార్లు. పని అది.” ఊపిరి పీల్చాడు. “ఆడి చూసినవాళ్ళు చాలామంది ఈ గదిలోనే ఇరుక్కున్నారు, అలోయిస్ గారూ. ఈ గది నాది కాదు. లాంతరు వెలిగిస్తేనే ఆట అయిపోయేట్టు నేను చేశాను. ఆవిడ మార్పించారు. ఇలా అయితే ఎవరూ చివరిదాకా రారండీ అన్నాను. ‘ఒకడు వస్తే చాలు, వాడికి తెమలడానికి చాలా టైము పడుతుంది’ అన్నారు.”

“ఆ లాంతరు దయ్యం కూడా ఆవిడదేనా?”

“అది నాది” అన్నాడు. “మీరంటే నాకు భయం.”

ఇదైనా నిజం చెప్పాడు. ఇద్దరం నిలబడి ఉన్నాం. తెరలో గడియారం కొట్టుకుంటోంది, ఆమె కూర్చునే ఉంది, లాంతరు వెలిగిస్తానేమోనని ఎదురుచూస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు. “ఒకటి అడగవచ్చా? ఆ రాత్రి మీరు మీ అమ్మగారి గురించి ఏం చెప్పారు? అది కూడా పెడితే గది ఇంకా బాగుంటుందని ఆవిణ్ణి చాలాసార్లు అడిగాను. ఎన్నో శుక్రవారాలు. అన్నీ చెప్పేవారు, అది మాత్రం చెప్పలేదు. ‘ఆ సొరుగు నాది కాదు బాబూ’ అనేవారు.”

చీకట్లో నేను నవ్వాను. అతనికి కనపడి ఉండదు. కనపడకపోవడం మంచిదే.

“నీకు తెలియదన్నమాట” అన్నాను.

“తెలియదండీ.”

“ఇక ముందు కూడా తెలియదు.”

కాయితం కోసం బల్ల తడిమాను, దొరికింది. పెన్ను ఇమ్మన్నాను. గీత కనపడదేమో అన్నాడు, తన ఫోను వెలిగించబోయాడు. దాన్ని అరచేత్తో మూసేశాను. బల్ల మీద వంగి, పేరు ఎక్కడ పడితే అక్కడ పెట్టాను, పెద్ద అక్షరాలతో, మా బడిలో నేర్పినట్టు. వంకరగా వచ్చి ఉంటుంది, ద్రహోమీర పేరు మీద పడి ఉంటుంది. “దగ్గు తీయకు” అన్నాను. “తీయను” అన్నాడు. “ఇక పో. శుక్రవారాలు ఈ ఇంటికి రానక్కర్లేదు. గుడ్లు జ్దెంకా దగ్గర కొనుక్కో.”

కాయితం మడిచిన చప్పుడు, తలుపు, తర్వాత మెట్లు. నేను ఆమె కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాను. పై నుంచి దిగుతున్నాడు, కటిక చీకటి, కొత్తవాడైతే గోడ పట్టుకుని ఒక్కొక్కటే తడుముకుంటాడు. అతను తడుముకోలేదు. తొమ్మిది, ఎనిమిది, ఏడు. తర్వాత కొంచెం ఆగాడు, కాలు సాచినట్టు. తర్వాత ఐదు. ఆరో మెట్టు మూలగలేదు.

సంతకం పెట్టాను. ఆమెలా ఆ మెట్టు దాటడం మాత్రం క్షమించను.